కుందేలుకి క్యారటా, కొత్తిమీరా?

బొమ్మల్లో కుందేలు ఎప్పుడూ క్యారట్ కొరుకుతూనే కనిపిస్తుంది గానీ, రోజువారీ మేతకి కొత్తిమీరే మేలు. క్యారట్ దుంపలో చక్కెర ఎక్కువ. మోతాదు మించితే పేగుల్లోని మంచి సూక్ష్మజీవుల తూకం చెడుతుంది. గుండ్రటి గట్టి పెంటికల బదులు మెత్తటి ముద్ద తోక కింద బొచ్చుకి అంటుకుంటుంది. రెండు కిలోల కుందేలుకి అర సెంటీమీటరు మందం చక్రం ఒకటి, వారానికి రెండుసార్లు చాలు. క్యారట్ ఆకులు దొరికితే మాత్రం పారేయకండి, దుంపకన్నా అవే నయం.

కొత్తిమీర అలవాటయ్యాక రోజూ గుప్పెడు పెట్టొచ్చు. కట్ట విప్పి, కుళ్లిన రెమ్మలు ఏరేసి, రెండుమూడు నీళ్లలో కడగాలి. మొదటిరోజు రెండు రెమ్మలే. పెంటికలు మెత్తబడితే ఆపేయాలి. ఏది పెట్టినా ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. సగం రోజు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా వెంటనే పశువైద్యుడికి చూపించాలి.