ఆరు ఎండకాలాలు నడిచిన ఇన్వర్టర్ ఏసీ: చల్లదనం తగ్గిన నాలుగుసార్లు ఏం తేలింది

హనుమకొండలో పై అంతస్తు గది. 140 చదరపు అడుగులు, పడమటి గోడ, నెత్తిన పొద్దంతా కాగే శ్లాబు. ఈ గదిలో ఆరు ఎండకాలాలుగా ఒకటిన్నర టన్నుల 5 స్టార్ ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ నడుస్తోంది. ఆర్-32 గ్యాస్, ఇండోర్, ఔట్‌డోర్ కాయిల్స్ రెండూ రాగివే. ఈ ఆరేళ్లలో నాలుగుసార్లు చల్లదనం తగ్గింది. నాలుగుసార్లూ వచ్చిన మెకానిక్ నోట మొదటి మాట ఒకటే: "గ్యాస్ అయిపోయింది." నిజంగా గ్యాస్ తగ్గింది ఒక్కసారి. మిగతా మూడింట్లో ఒకటి రిమోట్‌లో మారిన సెట్టింగు, ఒకటి కాలిన ప్లగ్గు, ఒకటి ఔట్‌డోర్ వెనక పేరుకున్న దూది.

ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారిందని అర్థం. కారిన చోటు వెతక్కుండా నింపితే ఆ డబ్బు గాలికి పోయినట్టే, మళ్లీ ఎండకాలానికి మళ్లీ అదే పాట.

ముందు రిమోట్ చూడండి. ఇప్పుడు వచ్చే చాలా ఇన్వర్టర్ ఏసీల్లో కన్వర్టిబుల్ మోడ్, అంటే ఏసీ బలాన్ని శాతాల్లో తగ్గించే బటన్ ఉంటుంది. పిల్లల చేతిలో ఆ బటన్ నొక్కుకుపోయి 40 శాతం దగ్గర నిలిచిందంటే, ఒకటిన్నర టన్నుల ఏసీ ముప్పావు టన్నుకు కూడా రాదు. డ్రై మోడ్, ఎకో మోడ్ అంతే. రీసెట్ చేస్తే 24 డిగ్రీల దగ్గర మొదలవడం లోపం కాదు. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలకు అది కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ పెట్టిన నియమం.

తర్వాత కొలత. చెయ్యి పెట్టి "చల్లగా లేదు" అనుకోవడం కాదు, రెండు మూడు వందలకు దొరికే డిజిటల్ థర్మామీటర్ చాలు. కూల్ మోడ్‌లో 16 డిగ్రీలు, ఫ్యాన్ ఎక్కువ మీద పెట్టి ఇరవై నిమిషాలు నడవనివ్వండి. ఇండోర్ పైన గాలి లోపలికి పోయే చోట ఒకసారి, కింద గాలి బయటికి వచ్చే చోట ఒకసారి కొలవండి. ఏప్రిల్, మే పొడి ఎండల్లో ఈ మెషీన్‌లో తేడా 12 డిగ్రీల దాకా వస్తుంది. వానలు పడ్డాక గాలిలో తేమను నీళ్లుగా మార్చడానికే కొంత బలం పోతుంది కాబట్టి 8, 9 వచ్చినా బాగున్నట్టే. 6 కంటే తగ్గితే ఎక్కడో తేడా ఉంది. 16 మీదే ఎందుకంటే, గది సెట్ చేసిన వేడికి దగ్గర పడగానే ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం తగ్గించుకుంటుంది. 26 పెట్టి కొలిస్తే మంచి ఏసీ కూడా పాడైనట్టు కనిపిస్తుంది.

ఫిల్టర్ సంగతి అందరికీ తెలిసిందే. పదిహేను రోజులకోసారి కడగాలి, నీడలో ఆరబెట్టాలి.

కరెంటు వైపు చాలామంది చూడరు. ఇండోర్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, డిస్‌ప్లే వెలుగుతుంది, గాలి మాత్రం మామూలు గాలి. ఔట్‌డోర్ ఆగిపోయిందన్నమాట. మే నెల రాత్రి తొమ్మిది, పదింటికి వీధిలో ఏసీలన్నీ ఒక్కసారే నడిచేటప్పుడు వోల్టేజీ పడిపోతుంది. ఒక హద్దు దాటి పడితే ఇన్వర్టర్ తనను తాను కాపాడుకోవడానికి కంప్రెసర్‌ను ఆపేస్తుంది. సాకెట్ దగ్గర వోల్టేజీని ఏసీ ఆపి ఒకసారి, పూర్తి వేగంతో నడుస్తుండగా ఒకసారి కొలిపించండి. రెంటికీ పది వోల్టుల కంటే ఎక్కువ తేడా వస్తే లోపం ఇంటి వైరింగులోనో, మీటరు దగ్గరి జాయింటులోనో ఉంటుంది. ఇక్కడ తేలింది 16 ఆంప్స్ ప్లగ్గు. పిన్ను సాకెట్‌లో వదులై, వేడెక్కి, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. ఒకటిన్నర టన్నుల ఏసీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంప్స్ ఎంసీబీ (లోడు మీరితే కరెంటు ఆపే స్విచ్చు), సరైన ఎర్తింగు ఉండాలి. గంట నడిచాక ఆపి ప్లగ్గును పైనుంచి ముట్టుకుంటే వెచ్చగా ఉండొచ్చు, చెయ్యి కాలకూడదు.

వరంగల్లులో అన్నిటికంటే ఎక్కువగా చూడాల్సింది ఔట్‌డోర్ కాయిల్. ఔట్‌డోర్ యూనిట్ గాలిని వెనక నుంచి, పక్క నుంచి పీల్చి ముందుకు వదులుతుంది. అంటే మురికి చేరేది గోడవైపు. ముందు జాలీ తళతళలాడుతుంటే శుభ్రంగా ఉందని పొరపడతాం. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, జిన్నింగ్ మిల్లుల వైపు ఉన్న ఇళ్లలో దసరా నుంచి మార్చి దాకా గాలిలో దూది పోగులు తేలుతుంటాయి. అవి ఫిన్స్ (కాయిల్ మీది సన్నటి రేకులు) మీద పడి, వాటి మీద దుమ్ము పట్టి, బొంత గుడ్డలా ఒక పొర తయారవుతుంది. వేలితో గీరితే చాపలా లేచి వచ్చింది ఇక్కడ. రామగుండం, మందమర్రి వైపు బొగ్గు దుమ్ము. అది పొరలా లేవదు, ఫిన్స్ సందుల్లోకి దిగిపోతుంది.

ఈ పొర ఉన్నప్పుడు గుర్తు ఇలా ఉంటుంది: తెల్లవారుజామున ఏసీ బాగానే చల్లబరుస్తుంది, మధ్యాహ్నం 43, 44 డిగ్రీల ఎండలో నీరసపడుతుంది, ఒక్కోసారి ఆగి ఆగి నడుస్తుంది. వేడి బయటికి పోయే దారి లేక గొట్టాల్లో ఒత్తిడి పెరుగుతుంది, ఇన్వర్టర్ వేగం తగ్గించుకుంటుంది. ఇది చూసి గ్యాస్ తక్కువని ఇంకా నింపితే ఒత్తిడి మరింత పెరుగుతుంది. అక్కడే కంప్రెసర్లు పోతాయి.

కడగడానికి ఎంసీబీ ఆపి, పదిహేను నిమిషాలు ఆగాలి. పీసీబీ (ఎలక్ట్రానిక్ బోర్డు) మీది పెద్ద కెపాసిటర్లలో మూడు వందల వోల్టులకు పైగా ఛార్జ్ కొంతసేపు నిలిచే ఉంటుంది. పొడి మెత్తటి బ్రష్‌తో ముందు దూది దించాలి, ఫిన్స్ నిలువుగా ఉంటాయి కాబట్టి బ్రష్ కూడా నిలువుగానే. తడిపితే దూది ముద్దై లోపలికి దిగుతుంది. తర్వాత మామూలు పైపు నీళ్లు, వీలైతే ఫ్యాన్ వైపు నుంచి బయటికి. బండ్లు కడిగే ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఫిన్స్ వాలిపోతాయి, వాలిన చోట గాలి ఆడదు. ఉప్పు నీళ్ల బోరుంటే చివర ఒక బకెట్ నల్లా నీళ్లు పొయ్యండి, లేకపోతే తెల్లటి పొర మిగులుతుంది. పీసీబీ ఉన్న పక్క నీళ్లు పడకూడదు. గోడకు, యూనిట్‌కు మధ్య జానెడు సందు లేకపోతే ఎంత కడిగినా లాభం తక్కువ. ఎండ తగలకుండా రేకు వేసేవాళ్లు ముందువైపు మూయకండి.

ఇక నిజంగా గ్యాస్ తగ్గినప్పుడు. ఔట్‌డోర్ పక్కన రెండు వాల్వులు ఉంటాయి, ఒకటి సన్న గొట్టం, ఒకటి లావు గొట్టం. మామూలుగా రెండూ చల్లగా ఉండి చెమర్చాలి. సన్న గొట్టం నట్టు మీద తెల్లగా మంచు పట్టి, లావు గొట్టం పొడిగా, వెచ్చగా ఉంటే గ్యాస్ తగ్గినట్టు. ఇండోర్ కాయిల్ నిండా మంచు కట్టి లావు గొట్టం కూడా గడ్డకడితే ముందు అనుమానించాల్సింది ఫిల్టర్‌ను, మురికి పట్టిన బ్లోయర్‌ను (ఇండోర్ ఫ్యాన్). మంచు కట్టిన ఏసీని కూల్ ఆపి ఫ్యాన్ మోడ్‌లో గంట, రెండు గంటలు వదిలేయాలి, గీకకూడదు.

లీకు ఎక్కువగా దొరికేది ఫ్లేర్ నట్ల దగ్గర, అంటే గంటలా విప్పిన గొట్టం అంచును (ఫ్లేర్) వాల్వుకు బిగించే నట్ల దగ్గర. గ్యాస్‌తోపాటు కాస్త కంప్రెసర్ నూనె కూడా బయటికి వస్తుంది. ఇత్తడి నట్టు కింద దుమ్ము అంటుకుని నల్లగా, జిడ్డుగా ఉంటే అదే చోటు. సబ్బు నురగ పెట్టి రెండు నిమిషాలు కదలకుండా చూడండి, చిన్న లీకులో బుడగ మెల్లగా ఊరుతుంది. ఇక్కడ కారింది లావు గొట్టం నట్టు. బిగించినప్పుడే ఫ్లేర్ అంచు చీలింది, అయిదో ఏటికి బయటపడింది. పానా బలమంతా పెట్టి బిగించడం కూడా తప్పే. అర అంగుళం నట్టుకు 50 నుంచి 60 న్యూటన్ మీటర్లు, పావు అంగుళానికి 14 నుంచి 18 చాలు.

సరైన పని వరుస: ఫ్లేర్ కొత్తగా కొట్టడం, నైట్రోజన్ నింపి ఒత్తిడి పడిపోతుందేమో చూడటం, వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట, వ్యాక్యూమ్ మీటరు 500 మైక్రాన్ల కిందికి దిగాలి, ఆపాక అక్కడే నిలవాలి. ఆ తర్వాత గ్యాస్‌ను కాటా మీద తూచి, ఔట్‌డోర్ స్టిక్కరు మీద ఉన్నన్ని గ్రాములు. ఒత్తిడి చూపే గేజ్ చూసి "120 వచ్చింది చాలు" అనడం ఇన్వర్టర్‌కు కుదరదు, కంప్రెసర్ వేగం మారినప్పుడల్లా ముల్లు మారుతుంది. వ్యాక్యూమ్ బదులు కొంచెం గ్యాస్ వదిలి గాలి వెళ్లగొడతామంటే ఒప్పుకోవద్దు. ఆర్-32కు మంట అంటుకునే గుణం కొంత ఉంది, లోపల మిగిలిన తేమ నూనెను పాడుచేస్తుంది.

మెషీన్ మీద నా తీర్పు: చల్లదనంలో, బిల్లులో ఆరేళ్లకూ వంక లేదు. రాగి కాయిల్ ఇప్పటికీ గట్టిగా ఉంది. నచ్చనిది ఔట్‌డోర్ పీసీబీ పెట్టె. కింది సందుల్లోంచి బల్లులు దూరతాయి, బోర్డు మీది రెండు పిన్నుల మధ్య పడితే బోర్డు కాలుతుంది. సన్న స్టీల్ జాలీ ముక్క ఆ సందుకు బిగిస్తే సరిపోయింది, గాలి ఆడే చిల్లులు మాత్రం మూయలేదు. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ అని పెద్దక్షరాలతో ఉన్నా, గ్యాస్, ఫ్లేర్ పని అందులోకి రావని కార్డు వెనక చిన్నక్షరాల్లో ఉంది. కొనేముందు ఆ పేజీ చదవండి. గ్యాస్ నింపించుకుంటే బిల్లు మీద ఎన్ని గ్రాములు, ఏ నట్టు దగ్గర లీకు అన్నది రాయించుకోండి. తర్వాత వచ్చే మెకానిక్‌కు మొదట ఆ కాగితం చూపించండి.