లెక్క చెప్పే ప్రార్థన, కరుణ అడిగే ప్రార్థన

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మన తెలుగు క్రైస్తవ విశ్వాసుల్లో ప్రార్థనకు రెండు పద్ధతులు చూస్తుంటాను. ఒకటి లెక్క: ఉపవాసం ఉన్నాను, జీతంలో దశమభాగం ఇచ్చాను, ఆరాధన మానలేదు. క్రమశిక్షణ వస్తుంది, కాదనను. కానీ నైట్ షిఫ్టు వల్ల ఒక్క ఆదివారం తప్పితే టెన్షన్. తప్పకపోతే పక్కవాళ్లంటే చిన్నచూపు. లూకా సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలో పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని కఠినంగా పాటించే యూదుడు) దేవునికి చెప్పుకున్నదీ ఇదే, వారానికి రెండు ఉపవాసాలతో సహా.

రెండోది అదే కథలో పన్నులు వసూలు చేసే సుంకరిది: “దేవా, పాపినైన నన్ను కరుణించుము.” అంతే. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది అతనేనన్నాడు యేసు.

ఇది బద్ధకానికి సాకు అంటారు కొందరు (ఎక్కువగా చర్చి కమిటీ పెద్దలే). నేను ఒప్పుకోను. బైబిల్లోని తీతు పత్రిక 3:5 రక్షణ కనికరం వల్లేనంటుంది. 8వ వచనమే సత్క్రియలు శ్రద్ధగా చేయమంటుంది.