నితోబే తోటకు టూరు వ్యానులో వెళ్లకండి

కెనడాలోని వాంకూవర్‌లో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న నితోబే స్మారక తోట చూడాలనుకునేవారు దయచేసి ఊరు తిప్పి చూపించే వ్యాన్లు ఎక్కవద్దు. మా అబ్బాయి అక్కడే చదువుతున్నాడు. వాడికి ల్యాబ్ పని ఉండటంతో మేమిద్దరం మనిషికి 65 డాలర్లు కట్టి ఒక వ్యాను ఎక్కాం. ప్రవేశ రుసుము అందులోనే కలిసి ఉందన్నారు. తీరా గేటు దగ్గర దింపాక టికెట్లు మమ్మల్నే కొనుక్కోమన్నారు. మనిషికి 7 డాలర్లు. పైగా ఇరవై నిమిషాలే గడువు! చెరువు చుట్టూ సగం తిరిగామో లేదో, బయట హారన్ మోగింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ హారన్‌కే నాకు ఒళ్లు మండింది. మా ఆవిడ రాత్రి భోజనం దాకా పెదవి విప్పలేదు.

మర్నాడు మేమే 99 నంబరు బస్సులో వెళ్లాం. టికెట్టు 3.35 డాలర్లు. దిగాక ఇరవై నిమిషాల నడక, అంతే.

తోట రెండున్నర ఎకరాలే. గబగబా నడిస్తే వ్యాను వాళ్లిచ్చిన గడువు చాలు, కానీ అలా నడిచినవారికి ఏమీ కనిపించదు. చెరువు మొత్తం ఒక్కసారిగా కంటపడకుండా దారిని మలుపులు తిప్పారు. పొద అడ్డం వస్తుంది, నాలుగడుగులు వేస్తే నీళ్లు, ఇంకో మలుపులో నాచు పట్టిన రాతి దీపం. చిబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు కన్నొసుకే మోరి రూపొందించిన ఈ తోట 1960లో తెరుచుకుంది. ఇక్కడి అడవి చెట్లనే జపాన్ పద్ధతిలో మలిచి, మాపుల్, చెర్రీ మొక్కలను మాత్రం జపాన్ నుంచి తెప్పించారు.

పసిఫిక్ సముద్రం మీద, జపాన్‌కూ పడమటి దేశాలకూ నడుమ వారధిని కావాలని కోరుకున్న జపాన్ విద్యావేత్త నితోబే ఇనాజో పేరిట కట్టిన తోట ఇది. జపాన్‌లో ఒకప్పటి 5000 యెన్ల నోటు మీద బొమ్మ ఆయనదే. 1933లో ఇదే రాష్ట్రంలోని విక్టోరియాలో కన్నుమూశారు. చెరువు మీది 77 దుంగల వంతెన ఆయన కోరికకు గుర్తు. దాని మీద మా ఆవిడ ఎంతసేపు నిలబడిందో! నేను తొందరపెట్టలేదు.

జూన్‌లో వెళ్లండి, నీటి అంచున ఐరిస్‌లు పూస్తాయి. కనీసం రెండు గంటలు చేతిలో పెట్టుకోండి. టికెట్ల డబ్బు తిరిగి ఇమ్మని వ్యాను వాళ్లకు రాశాను, ఇంతవరకు జవాబు లేదు.