ఫ్లైట్రాపా, కూజా మొక్కా, సన్‌డ్యూనా: మన ఎండల్లో ఏది మేలు?

మా బాల్కనీలో పురుగుల్ని పట్టి తినే మొక్కలు పెంచుతాను. అక్కడికి ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే. "టప్పున నోరు మూసుకునే మొక్క ఉంటుంది కదా, అదేది?" వాళ్ళు అడిగేది వీనస్ ఫ్లైట్రాప్ గురించి. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళకు డయోనియా, నెపెంథిస్, డ్రాసిరా, యుట్రిక్యులేరియా అని పేర్లు వరసగా గుర్తుంటాయి కానీ, కళ్ళముందు మెదిలే బొమ్మ మాత్రం డయోనియాదే, అంటే ఈ ఫ్లైట్రాప్‌దే. కొనేదీ దాన్నే. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆరేళ్ళలో మూడు ఫ్లైట్రాప్‌లను చంపుకున్నాక చెబుతున్నాను, హైదరాబాద్‌లాంటి చోట ఉంటూ మొదటి మొక్కగా దాన్ని కొనకండి.

దాని అందం కాదనను. తెరిచిన ఉచ్చు లోపల ఒక్కో రెప్ప మీద మూడేసి సన్నటి వెంట్రుకలుంటాయి. ఒకసారి తగిలితే మొక్క పట్టించుకోదు. దాదాపు ఇరవై సెకన్లలోపు రెండోసారి తగిలితేనే మూసుకుంటుంది. వాన చినుకుకో, ఎగిరొచ్చిన చెత్తకో మోసపోకుండా ఈ లెక్క. దొరికిన పురుగు లోపల గింజుకుంటూ వెంట్రుకల్ని తాకుతూనే ఉంటేనే జీర్ణరసం ఊరుతుంది. ఇదంతా ఆకు చేసే పని! అయితే ఇంటికొచ్చిన పిల్లలు అగ్గిపుల్లతో పొడుస్తూ పోతే ఆ ఉచ్చు నాలుగైదుసార్లు ఉత్తినే మూసుకుని, తెరుచుకుని, చివరికి నల్లబడి రాలిపోతుంది. మా మొదటి మొక్క సగం అలాగే పోయింది.

మిగతా సగాన్ని చలి, అంటే చలి లేకపోవడం, తీసుకుపోయింది. ఈ మొక్క సొంతూరు అమెరికాలోని నార్త్ కరోలినా, సౌత్ కరోలినా తీరప్రాంతం. విల్మింగ్టన్ చుట్టుపక్కల ఉండే తడి ఇసుక నేలలు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది తనంతట తాను పుట్టలేదు. అక్కడా ఎండాకాలం వేడిగానే ఉంటుంది కాబట్టి, కుండీ కింద నీళ్ళుంటే మన ఏప్రిల్‌ను కూడా పళ్ళు బిగించి భరిస్తుంది. చలికాలంలో మాత్రం మూడు నాలుగు నెలలు దానికి నిద్ర కావాలి, అదీ పది డిగ్రీలకు దిగువన. మనకు డిసెంబరులో రాత్రి పన్నెండుకో పదమూడుకో దిగినా, పగలు మళ్ళీ ఇరవై ఎనిమిది. లంబసింగిలో ఇల్లుంటే వేరే సంగతి. నిద్రలేని మొక్క మొదటి ఏడాది బాగానే కనిపిస్తుంది. రెండో ఏడాది ఉచ్చులు చిన్నవవుతాయి. ఆ తర్వాత ఒక వేసవిలో చెప్పకుండా పోతుంది.

ఫ్రిజ్‌లో నిద్రపుచ్చవచ్చు. మొక్కను పీకి, వేళ్ళు కడిగి, తడిపి పిండిన మాస్‌లో (స్ఫాగ్నం అనే ఎండు నాచు) చుట్టి, జిప్ కవర్లో పెట్టి కూరగాయల అరలో మూడు నెలలు ఉంచాలి. నేను అదీ చేశాను. "కరివేపాకు పక్కన ఈ బురద మూటేంట్రా?" అని మా అమ్మ వారానికోసారి అడిగేది. ఫిబ్రవరిలో కవర్ విప్పితే మూట నిండా బూజు. పెట్టేముందు ఫంగిసైడ్ చల్లి, మధ్యమధ్యలో తీసి చూస్తూ ఉండాల్సింది. తప్పు నాదే.

పిల్ల మొక్కలు చేయడంలోనూ ఫ్లైట్రాప్ నత్తే. ఆకును పైపైన తుంచితే లాభం లేదు. కిందకి లాగి, దుంప దగ్గరి తెల్లటి మొదలుతో సహా ఊడదీసి మాస్ మీద పరిస్తే నెలా రెండు నెలల్లో చిన్న మొలకలు వస్తాయి. అవి చూపించుకునే సైజుకు రావడానికి రెండు మూడేళ్ళు. విత్తనం నుంచైతే ఇంకా ఎక్కువ. పైగా ఆన్‌లైన్‌లో విత్తనాలంటే భయం నాకు. నీలం, ఊదా, పసుపు రంగు ఉచ్చుల ఫోటోలు పెట్టి అమ్ముతుంటారు. ఫ్లైట్రాప్ ఆకుపచ్చా ఎరుపుల మధ్య ఎక్కడో ఉంటుంది తప్ప నీలం రంగు ఉచ్చు అంటూ లేదు. నేనూ ఒకసారి బుక్ చేసి, నెలన్నర కాపలా కాసి, చక్కటి గడ్డి పెంచాను.

కూజా మొక్క, అదే నెపెంథిస్, దగ్గర ఈ నిద్ర గొడవే లేదు. ఏడాది పొడుగునా ఆకులు వేస్తూనే ఉంటుంది. కాకపోతే ఇందులో కొండ జాతులు, మైదానం జాతులు అని రెండు రకాలు. కొండ జాతులకు రాత్రిళ్ళు ఊటీలాంటి చల్లదనం కావాలి, వాటి జోలికి వెళ్ళొద్దు. మన నర్సరీల్లో ఎక్కువగా దొరికేది వెంట్రాటా అనే సంకర రకం. మొండి ఘటం. నేను దీన్ని ఒకసారి పది రోజులు ఊరెళ్ళి మర్చిపోయినా బతికింది. ఫ్లైట్రాప్‌కు అలా నీళ్ళెండితే ప్రాణమే పోయేది.

ఆకు కొసన తీగ, తీగ కొసన కూజా. ఒక ఆకుకు ఒక్కటే కూజా. అది ఎండిపోతే ఆ ఆకుకు ఇంక రాదు, కొత్త ఆకు కోసం చూడాల్సిందే. కొన్న నెలలోనే కూజాలన్నీ ఎండిపోయాయని చాలామంది మొక్కనే పారేస్తారు. చోటు మారినందుకు వచ్చిన అలక అది. రెండు మూడు కొత్త ఆకులు వచ్చేదాకా ఆగాలి. పొద్దున్నే పది గంటల వరకు ఎండ, ఆ తర్వాత షేడ్ నెట్ కింద వెలుతురు ఉంటే చాలు. కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలవ ఉంచకూడదు, మట్టి తడిగా ఉండాలి, అంతే.

దీనికి కావాల్సింది గాలిలో తేమ. అక్కడే హైదరాబాద్ ఓడిపోతుంది. మార్చి నుంచి మే దాకా నా మొక్క ఆకులు వేస్తుంది, కొసన కూజా బఠాణీ గింజంత అయి అక్కడే మాడిపోతుంది. అదే మొక్క నుంచి కోసిన కొమ్మను కాకినాడలో అక్కకిచ్చాను. మరుసటి ఏడాది మే నెలలో ఫోన్. "ఒరేయ్, నీ మొక్కకు మా ఇంట్లో పదకొండు కూజాలొచ్చాయి. ఒకదాంట్లో చీమలు కుప్ప పడ్డాయి." తల్లి మొక్కకు ఆ రోజు రెండే కూజాలు. కోస్తాలో ఉన్నవాళ్ళకు నెపెంథిస్ తర్వాతే ఏదైనా.

కొమ్మలు నాటడం జులైలో, ముసురు పట్టాక చేస్తాను. పోయిన ఏడాది నాలుగడుగుల కొమ్మను ఐదు ముక్కలు చేశాను. బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, ఒక్కో ముక్కకు రెండు మూడు కణుపులుండేలా కోసి, నీరు ఎక్కువ ఆవిరైపోకుండా ఒక్కో ఆకును సగానికి కత్తిరించాను. మొదలుకు తడి మాస్ చుట్టి, చిన్న కుండీల్లో దించి, రెండు లీటర్ల నీళ్ళ సీసాల అడుగు కోసి పైన బోర్లించాను. నీడలోనే సుమా. ఎండ తగిలితే సీసాలో ముక్క ఉడికిపోతుంది. ఒకటి వారంలో నల్లబడింది. ఇంకోటి రెండు నెలలు పచ్చగా ఉండి, ఏ పనీ చేయకుండా ఎండిపోయింది. మూడింటికి కణుపు దగ్గర గోరు మొనంత చిగురు కనిపించింది. ఇక్కడ ఒక మాట: వేళ్ళు చూద్దామని మాస్ విప్పితే నల్లటి వెంట్రుకల్లాంటివి కనిపిస్తాయి. మొదటి ఏడాది నేను కుళ్ళిపోయాయనుకుని రెండు మంచి ముక్కల్ని చెత్తబుట్టలో వేశాను. నెపెంథిస్ వేరు రంగే నలుపు.

విత్తనాల ఆశ పెట్టుకోవద్దు. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. రెండూ ఒకేసారి పూయాలి. కొమ్మ నుంచి వచ్చినవన్నీ తల్లి ఏదైతే అదే కాబట్టి, ఎన్ని కుండీలు చేసినా పెళ్ళి కుదరదు. మన దేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ ఒక్కటే ఉంది, మేఘాలయ కొండల్లోని ఖాసియానా. అక్కడి గారో తెగవాళ్ళు దాన్ని మెమాంగ్ కోక్సి, అంటే దయ్యం బుట్ట, అంటారు. అంతరించే ప్రమాదంలో ఉంది, అడవి నుంచి తవ్వి తెచ్చింది ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

మూడోది సన్‌డ్యూ, డ్రాసిరా. ఇందులో బర్మానీ అనే జాతి మన ఆంధ్రా, తెలంగాణల్లోనే వానల తర్వాత తడి ఇసుక నేలల్లో, చెరువుల ఒడ్డున కనిపిస్తుంది. రూపాయి బిళ్ళంత ఉంటుంది, నేలకు అతుక్కుని, ఎండ బాగా తగిలితే ఎర్రగా. తొక్కుకుంటూ పోతాం తప్ప చూడం. ఆకు మీది ప్రతి వెంట్రుక కొసన ఒక బంక చుక్క. చాలా సన్‌డ్యూలు పురుగు చుట్టూ వంగడానికి నిమిషాలు, గంటలు తీసుకుంటాయి. బర్మానీ అంచు వెంట్రుకలు మాత్రం కొన్ని సెకన్లలోనే వంగి పురుగును లోపలికి తోస్తాయి. ఎదురుగా కూర్చుంటే కంటితో చూడొచ్చు. తడి మట్టిలో పుట్టే నల్లటి బుల్లి ఈగలే దీని భోజనం కాబట్టి, మేత వేసే పని కూడా లేదు. (దోమలు పోతాయా అని అడగొద్దు. ఈ మూడింటిలో ఏదీ దోమల మందు కాదు.)

దీని లోపం ఆయుష్షు. పూసి, విత్తనం వేసి, ఏడాదిలోపే పోతుంది. అయితే పుట్టించడం ఇంత సులువైన మొక్క ఇంకోటి నేను చూడలేదు. తెల్లటి చిన్న పూలు, ఎవరి సాయం లేకుండానే గింజ కడతాయి. కాడ గోధుమ రంగుకు తిరిగాక తెల్ల కాగితం మీద తడితే నల్లటి పొడి రాలుతుంది. గసగసాలు దీని ముందు గుమ్మడికాయలు. ఆ పొడిని తడి మిశ్రమం మీద చల్లి వదిలేయాలి, మట్టి కప్పకూడదు, వెలుగు తగిలితేనే మొలుస్తుంది. కుండీని నీళ్ళ పళ్ళెంలో నిలబెడితే రెండు మూడు వారాల్లో పచ్చటి చుక్కలు. నాలుగైదు నెలల్లో మళ్ళీ పూలు. ఒక్క కుండీ గింజలు వీధి మొత్తానికి పంచొచ్చు. చెరువు గట్టున కనిపించినా పీకకుండా, పెంచేవాళ్ళ దగ్గర చిటికెడు గింజలు అడగండి, ఎవరూ కాదనరు. నాలుగోదైన యుట్రిక్యులేరియా పూలు ముద్దుగా ఉంటాయి కానీ వేట మొత్తం నీళ్ళలోనో మట్టిలోనో జరుగుతుంది, కళ్ళకు కనపడదు. పెంచుకోవడానికి కాదనను, మొదటి మొక్కగా చప్పగా ఉంటుంది.

ఏది పెంచినా చంపేది నీళ్ళే. ఈ మొక్కలు పుట్టింది పోషకాల్లేని నేలల్లో, అందుకే పురుగుల వేట. మా బోరు నీటి టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, ఏడొందలు దాటుతుంది, వీటికి యాభై లోపు ఉండాలి. ఆర్‌ఓ మంచినీళ్ళు మా ఇంట్లో డెబ్బై చూపిస్తున్నాయి, తప్పనిసరైతే సరే. ఆర్‌ఓ వదిలేసే నీళ్ళు బోరు కన్నా ఘోరం. పట్టి పెట్టుకున్న వాన నీళ్ళు అన్నిటికన్నా మంచివి. ఎండాకాలంలో ఏసీ పైపు కింద బకెట్ పెడతాను, మీటర్ పదిహేను దాటదు. మట్టి అంటే పీట్ మాస్ (కుళ్ళి పొడైన నాచు), పెర్లైట్ (తెల్లటి తేలికపాటి గుళికలు) సగం సగం. కోకోపీట్ వాడితే ఉప్పు పోయేదాకా కడిగి, పిండిన నీళ్ళకు మీటర్ పెట్టి చూడాలి. ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, ఎరువులు బొత్తిగా వద్దు. ఒకసారి నేను ఊళ్ళో లేనప్పుడు అమ్మ జాలిపడి సన్‌డ్యూ పళ్ళెంలో బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. కరివేపాకు చెట్టుకు అమృతం అది. నేనొచ్చేసరికి పళ్ళెం పుల్లటి కంపు కొడుతోంది, మొక్కల మీద బంక చుక్క ఒక్కటీ లేదు. అమ్మతో ఏమనగలం? కాగితం పొట్లంలో దాచిన గింజలతో నెలలోపే మళ్ళీ మొదలుపెట్టాను. అదే ఫ్లైట్రాప్ అయ్యుంటే మూడేళ్ళు వెనక్కి పోయేవాణ్ణి.

కాబట్టి నా ఓటు ఇలా. కాకినాడ, విశాఖ, నెల్లూరు వైపు ఉంటే వెంట్రాటా, ఆలోచించక్కర్లేదు. హైదరాబాద్, వరంగల్, కర్నూలు అయితే ముందు బర్మానీ, ఒక ఏడాది నీళ్ళ అలవాటు కుదిరాక వెంట్రాటా. పిల్లలకు వేట చూపించాలన్నా బర్మానీయే, పైగా విత్తనం నుంచి విత్తనం దాకా వాళ్ళ కళ్ళముందే అవుతుంది. బెంగళూరులో ఉన్న మనవాళ్ళకు మూడూ కొంత తేలిక, ఫ్లైట్రాప్‌కు ఫ్రిజ్ మాత్రం అక్కడా తప్పదు. అమెరికాలో చలి పడే ఊళ్ళలో ఉన్నవాళ్ళకు నా లెక్క తిరగబడుతుంది. ఫ్లైట్రాప్ వేడి చేయని గరాజ్ కిటికీ దగ్గర హాయిగా నిద్రపోతుంది, నెపెంథిస్‌నే ఇంట్లోకి తెచ్చి లైటు కింద పెట్టుకోవాలి.

ఇంత చెప్పాక కూడా మీకు ఫ్లైట్రాపే కావాలంటే నవంబరులో కొనండి, మేలో కాదు. ఫ్రిజ్‌లో కూరగాయల అర ముందే ఖాళీ చేయించుకోండి. మా ఇంట్లో ఆ అనుమతి ఇంకా రాలేదు.