పొగతోటలో ఒక అత్యవసర విభాగం: వైద్యానికి మంచి మార్కులు, కౌంటరుకు కావు

తల గాయాలకు వైద్యం చేసే ఆసుపత్రిని దాని అద్దాల భవనాన్ని బట్టిగాని, లాబీలోని ఏసీని బట్టిగాని అంచనా వేయలేము. స్కాను ఎంతసేపట్లో తీశారు, తీసిన తరువాత రాత్రంతా రోగిని ఎన్నిసార్లు లేపి చూశారు అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబే అసలు కొలమానం. నెల్లూరు పొగతోటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా బావమరిదికి జరిగిన చికిత్సను ఆ కొలమానంతోనే ఇక్కడ సమీక్షిస్తున్నాను. మెచ్చుకోవలసినవీ, తప్పుపట్టవలసినవీ రెండూ ఉన్నందున ఆసుపత్రి పేరు రాయడం లేదు.

ప్రమాదం కోతల కాలంలో, కొడవలూరు సమీపంలో 16వ నంబరు జాతీయ రహదారి పక్కనున్న సర్వీసు రోడ్డు మీద జరిగింది. రోడ్డు సగం వరకు వడ్లు ఆరబోసి, వాహనాలు ఎక్కకుండా అంచు పొడవునా రాళ్లు పేర్చారు. చీకట్లో రాళ్లు కనబడక బండి ఎగిరిపడింది. తలకు హెల్మెట్ ఉంది గాని గడ్డం కింద పట్టీ బిగించుకోకపోవడం వల్ల అది ముందే ఊడిపోయి, కణత నేరుగా డివైడరుకు తగిలింది. రైతుకు కళ్లం లేకపోవడం నిజమే, వాన భయమూ నిజమే. కానీ ఆ రాళ్ల మీద ఒక దీపమో, కనీసం మెరిసే పట్టీయో ఉండి ఉంటే ఈ సమీక్ష రాయవలసిన అవసరమే వచ్చేది కాదు. వెనుక వస్తున్న రొయ్యల వ్యాను డ్రైవరు ఆగి 108కి ఫోను చేశాడు. అంబులెన్సు సిబ్బంది పడినవాణ్ణి చేతులతో ఎత్తి కూర్చోబెట్టనివ్వకుండా, మెడకు కాలరు బిగించి, గట్టి పలక మీద పడుకోబెట్టి తీసుకువచ్చారు. వెన్నెముక సంగతి తేలేవరకు తల గాయం ఉన్నవారిని అలాగే కదిలించాలి.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు మొదట చేసిన పని గాయానికి కుట్లు వేయడం కాదు, స్పృహను కొలవడం. కళ్లు తెరవడం, మాట, కదలిక అనే మూడింటికీ మార్కులు వేసే ఈ పద్ధతి 1974లో గ్లాస్గో నగరంలో పుట్టింది. మొత్తం 15 అంటే పూర్తి స్పృహ, 3 అంటే ఏ స్పందనా లేకపోవడం. 8 గాని అంతకన్నా తక్కువ గాని వస్తే తీవ్రమైన గాయంగా లెక్కిస్తారు. మావాడికి వచ్చిన 13ను, కొలిచిన సమయంతో సహా కేసు షీటులో రాశారు. హెల్మెట్ ఉందా, పట్టీ బిగించాడా అని కూడా అడిగి రాసుకున్నారు. మెడ కాలరు తీయకుండానే తలకూ మెడకూ కలిపి సీటీ స్కాను తీశారు. రక్తస్రావాన్ని అదుపు చేసే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షను గాయమైన మూడు గంటలలోపు ఇస్తేనే ప్రయోజనం ఉంటుందని 2019లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. ఇక్కడ అది సకాలంలోనే పడింది. మా బంధువు ఒకాయన స్టెరాయిడ్ ఎందుకు ఇవ్వలేదని గట్టిగానే నిలదీశారు. తల గాయాలలో స్టెరాయిడ్ల వల్ల మరణాలు పెరుగుతాయని 2004లోనే పదివేల మందికి పైగా రోగుల మీద జరిగిన పరిశోధనలో రుజువైందని డాక్టరు విసుక్కోకుండా వివరించారు. నాకు ఆ ఆసుపత్రి మీద నమ్మకం కుదిరింది అక్కడే.

మొదటి స్కానులో పుర్రె ఎముకలో సన్నని చీలిక, దాని కింద చిన్న రక్తపు గడ్డ మాత్రమే కనిపించాయి. రోగి మాట్లాడుతున్నాడు, మంచినీళ్లు అడుగుతున్నాడు, ఇంటికి పోదామంటున్నాడు. ఈ రకం గాయంలో మోసమంతా ఇక్కడే ఉంది: ఎముకకూ మెదడు పై పొరకూ మధ్య చిట్లిన రక్తనాళం నింపాదిగా కారుతూ ఉంటే, మనిషి కొన్ని గంటలపాటు బాగానే ఉన్నట్టు కనిపించి, ఆ తరువాత ఒక్కసారిగా దిగజారిపోతాడు. నైట్ డ్యూటీ నర్సు అరగంటకొకసారి అతన్ని లేపి, పేరు అడిగి, చెయ్యి గట్టిగా పట్టుకోమని, కంటిలో టార్చి వేసి చూసింది. బిడ్డను నిద్రపోనివ్వడం లేదని మా అత్తమ్మ కోప్పడితే, "నిద్ర పట్టిందో, స్పృహ తప్పిందో లేపితేగాని తెలియదమ్మా" అని తన పని తాను చేసుకుపోయింది. తెల్లవారుజామున 13 కాస్తా 11కు దిగిన సంగతి మొదట పట్టుకున్నది ఆమే. వెంటనే రెండో స్కాను తీశారు, గడ్డ పెరిగింది, న్యూరోసర్జను వచ్చి పుర్రె తెరిచి గడ్డను తీసివేశారు. ఆపరేషను ఎంత బాగా జరిగిందో తీర్పు చెప్పే విద్య నాకు లేదు. మనిషి నడిచి ఇంటికి వచ్చాడు.

ఇక కౌంటరు. స్కానుకు తీసుకువెళ్లే ముందు డిపాజిట్ కట్టమని ఆపారు. డాక్టరు కేకలు వేసిన తరువాతనే స్ట్రెచరు కదిలింది. ప్రమాదంలో గాయపడినవారికి ముందు ప్రాణం కాపాడే చికిత్స, తరువాతే పోలీసు కాగితాలూ ఇతర లాంఛనాలూ అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2025 మే నుంచి అమలులో ఉన్న కేంద్ర నగదురహిత పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఎంపికైన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా చికిత్స అందుతుంది. దాని గురించి అడిగితే కౌంటరులో ఒకరు అలాంటిదేమీ లేదన్నారు, మరొకరు రేపు రమ్మన్నారు. ఆసుపత్రి ఆ జాబితాలో లేకపోతే ఆ మాటే సూటిగా చెప్పవచ్చు. వ్యాను డ్రైవరు సాక్ష్యం గొడవకు భయపడి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. సాయం చేసినవారిని పేరు చెప్పమని గాని, సాక్షిగా రమ్మని గాని బలవంతం చేయరాదని, వారి హక్కులను తెలుగులో కూడా ప్రవేశద్వారం దగ్గర ప్రదర్శించాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. ఆ గుమ్మంలో మోకీళ్ల మార్పిడి ప్యాకేజీ బ్యానరు మాత్రం నిలువెత్తున ఉంది.

క్యాంటీను ఫరవాలేదు. బిల్లు వివరాలు అంశాలవారీగా ఇవ్వడానికి సగం రోజు పట్టించారు. డిశ్చార్జి కాగితం పూర్తిగా ఇంగ్లీషులో ఉండటం అంతకన్నా పెద్ద లోపం: వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, మూర్ఛ, ముక్కు నుంచో చెవి నుంచో నీరు కారడం వంటివి కనిపిస్తే వెంటనే రావాలన్న హెచ్చరికలను ఇంట్లో రోగిని చూసుకునే అత్తమ్మే చదవగలగాలి. నర్సు నోటితో తెలుగులో చెప్పింది కనుక సరిపోయింది.

తిరిగి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు పాత హెల్మెట్ వాడవచ్చునా అని సర్జనును అడిగాము. పైడొల్ల చెక్కుచెదరకపోయినా లోపలి థర్మోకోల్ ఒకసారి నలిగితే రెండో దెబ్బను ఆపలేదు కనుక వాడవద్దన్నారు. కొత్తదానికి ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 4151 అన్న సంఖ్య చూసుకోమని, పట్టీ కింద రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదని, ఆయన చెప్పేవరకు బండి ఎక్కవద్దని కూడా చెప్పారు. ఈ మాటలేవీ డిశ్చార్జి కాగితంలో లేవు, అడిగితేనే తెలిశాయి.