ఏడాదికి మూడు రోజులా, వారానికొక సెలవా, నెలకొక ఏకాంత దినమా? కాపరికి ఏది మేలు

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ సంఘాలను చూసే పాస్టర్లలో చాలామందికి ఒక్క సంఘంతో పని తీరదు. పొద్దున పట్టణంలో ఆరాధన, మధ్యాహ్నం వంశధార ఒడ్డున ఏదో ఒక పల్లెలో మరొకటి, చీకటి పడ్డాక ఎవరింటనో గృహ ప్రార్థన; ఇవన్నీ తెలుగులో మొదలై, మన్యం వైపు వెళ్ళేకొద్దీ ఒడియాలోకీ, సవర భాషకు తర్జుమా చేసేవారి నోటిలోకీ మారిపోతాయి. ఇంతమంది ఆత్మలను కాసేవాడు తన ఆత్మను ఎప్పుడు చూసుకోవాలి అనే ప్రశ్నకు మా ప్రాంతపు కాపరుల మధ్య మూడు జవాబులు వినిపిస్తుంటాయి. ఏటా ఒకసారి మూడు రోజుల పాస్టర్ల రిట్రీట్‌కు, అంటే ధ్యాన కూటానికి వెళ్ళడం, వారానికొక రోజు సెలవు పాటించడం, నెలకొక రోజు ఏకాంతానికి కేటాయించుకోవడం. మూడింటినీ నేను చేసి చూశాను కనుక, ఎక్కడ ఏది నిలబడిందో చెప్పగలను.

రిట్రీట్ గురించి మంచి మాటతోనే మొదలుపెట్టాలి. 1936లో ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఇటు చేరింది, కూతవేటు దూరంలోని పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్ర వైపు మిగిలింది. అప్పటినుండీ తెలుగులో జరిగే కూటాలకు మేము సరిహద్దు దాటి, నౌపడా మీదుగా రైలెక్కి శ్రీకాకుళం వైపో విశాఖపట్నం వైపో వెళ్ళవలసిందే. అలా వెళ్ళి, వందమంది కాపరుల మధ్య ఎవరో పాట ఎత్తుకుంటే వెనుక వరుసలో కూర్చుని గొంతు కలపడం, ఆ రోజు ప్రసంగం నా బాధ్యత కాదని తెలిసి ఊపిరి పీల్చుకోవడం చిన్న మేలు కాదు. ఒంటరిగా మల్కనగిరి కొండల్లోనో కొరాపుట్ లోపలి పల్లెల్లోనో పనిచేసే యువ కాపరికి తోటి కాపరి ముఖం చూడటమే సగం బలం.

అయితే రిట్రీట్‌కు ఒక కార్యక్రమ పత్రిక ఉంటుంది, అందులో అన్నిటికీ చోటుంటుంది, ఏకాంతానికి తప్ప. నేను వెళ్ళిన ఒకదానిలో మౌన ధ్యానానికని నలభై ఐదు నిమిషాలు కేటాయించారు. ముఖ్య అతిథి ఆలస్యంగా రావడంతో ఆ సమయమంతా శాలువాలకూ పూలదండలకూ పోయింది. భోజనాల వరుసలో నిలబడితే మొదటి ప్రశ్న, "మీ సంఘంలో ఎంతమంది, అయ్యగారూ?" అన్నదే. ఇవన్నీ సర్దుకుపోదగినవే. నన్ను నిజంగా ఆలోచింపజేసింది నా సొంత నోటుబుక్కు. ఇంటికి వచ్చి తిరగేస్తే, విన్న ప్రతి వర్తమానం పక్కన అంచులో "రెండో ఆదివారం, కాశీనగర్", "స్త్రీల కూటమి" అని నా చేతిరాతే కనిపించింది. మూడు రోజులూ ఇతరులకు వడ్డించడానికి మూట కట్టుకున్నానే తప్ప, ఒక్క ముద్ద నేను తినలేదు.

వారపు సెలవు విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. ఇద్దరు ముగ్గురు పాస్టర్లున్న పట్టణపు సంఘాల్లో సోమవారం సెలవు చక్కగా సాగుతుంది, వారు దానిని వదులుకోకూడదు. ఒక్కడే ఉన్నచోట సోమవారమంటే కానుకల లెక్క, బ్యాంకు, ఆసుపత్రిలో ఉన్న విశ్వాసి. దానిని సంత రోజుకు మార్చితే, సంతకు దిగిన పల్లెవారు దారిలో పాస్టరుగారిని చూసి వెళ్దామని వస్తారు. ఒకసారి మా ఇంటావిడ నా ఫోనును బియ్యం డబ్బాలో దాచింది. అది లోపలినుండే పదకొండుసార్లు మోగింది, పన్నెండోసారి ఆవిడే తీసి ఇచ్చింది. ఏడు వారాలు ప్రయత్నించాను, రెండు వారాలు నిలిచింది.

ఇక నెలకొక రోజు. దీనిని నిలబెట్టేది మన పట్టుదల కాదు, ఆ రోజు మన స్థానంలో నిలబడే మనిషి. ఊరిలో ఒడియా సంఘాన్ని చూసే కాపరి ఒకరితో నేను ఒప్పందం చేసుకున్నాను. నా వంతు వచ్చిన గురువారం నేను జీడితోటకు వెళ్తాను, నా ఫోను ఆయన దగ్గర ఉంటుంది, ఆయన వంతుకు ఆయన ఫోను నా దగ్గర ఉంటుంది. చావు కబురు వస్తే వెళ్ళేది ఫోను పట్టుకున్నవాడే. పెద్దల్లో ఒకరు మొదట, "జీతం తీసుకుని జీడితోటలో కూర్చుంటారా?" అని అడిగారు. నేను వాదించలేదు, నిర్గమకాండము 18వ అధ్యాయం చదివి వినిపించాను. ఉదయం మొదలు సాయంత్రం దాకా ఒక్కడే తీర్పు తీరుస్తున్న మోషేను చూసి, నీవూ ఈ ప్రజలూ నలిగిపోతారని చెప్పింది ప్రవక్త కాదు, మామగారు. ఆ మాట మా పెద్దలకు బాగా ఎక్కింది.

ఆ రోజుకు నేను పెట్టుకున్న నియమాలు రెండే. చదివిన వాక్యభాగాన్ని రెండు నెలలదాకా ఎక్కడా ప్రసంగించకూడదు, నోటుబుక్కు ఇంట్లోనే ఉండాలి. రెండోది, ఆ రోజంతా తెలుగే. ఒడియాలో ప్రార్థన చేయిస్తున్నప్పుడు నా మనసులో ఒక మూల క్రియాపదం సరిపడిందో లేదో చూసుకుంటూనే ఉంటుంది. చిన్నప్పుడు మా అమ్మ మోకాళ్ళ పక్కన విన్న భాషలో ఆ కాపలా అక్కరలేదు. మొదటి నెల చేసిందేమిటంటే, తోటలో చాప పరచుకుని మధ్యాహ్నం దాకా నిద్రపోయాను. సిగ్గుపడ్డాను గానీ, బదరీ వృక్షం కింద పడుకున్న ప్రవక్త ఏలీయాకు దేవదూత మొదట ఇచ్చింది రొట్టె, నీళ్ళు, మళ్ళీ నిద్ర. దేవుని కొండ హోరేబుకు ప్రయాణం ఆ తరువాతే.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల నలభై రోజుల్లో, డిసెంబరులో ఇది తప్పిపోతుంది. పశ్చాత్తాపం గురించి అందరికీ బోధించే కాలంలోనే బోధించేవాడికి తీరిక ఉండదు. మార్కు సువార్త 6వ అధ్యాయంలో శిష్యులను విశ్రాంతికి తీసుకువెళ్ళిన యేసుకు కూడా ఒడ్డున జనమే ఎదురయ్యారు. ఆయన కసురుకోలేదు, వారికి బోధించాడు, భోజనం పెట్టించాడు. అయితే వారిని పంపివేశాక ఆ సాయంత్రమే ప్రార్థనకు కొండ ఎక్కాడు. అందుకే తప్పిన రోజును వచ్చే నెలకు తోయకుండా అదే వారంలో తీసుకుంటున్నాను. మరొక లోపాన్ని ఆలస్యంగా గమనించాను. నేను తోటలో ఉన్నప్పుడు గేటు చప్పుడుకు లేచేది పాస్టరమ్మే, ఆవిడకు వంతు లేదు. ఇప్పుడు నెల విడిచి నెల ఆవిడ తన అక్క ఇంటికి పాతపట్నం వెళ్తుంది, ఆ రోజు వంట నాది.

కనుక ఒంటరిగా కొత్త చోట పనిచేసేవారు ముందు రిట్రీట్‌కే వెళ్ళాలి, తోడున్నవారు సోమవారాన్ని పట్టుకోవాలి. రెండు మూడు పల్లెలను ఒక్కడే చూసే కాపరికి మాత్రం నెలకొక రోజే మేలని నా అభిప్రాయం, అదీ పక్క సంఘపు కాపరితో వంతు కుదిరితేనే. వచ్చే గురువారం ఆయన వంతు. బుధవారం రాత్రే ఆయన ఫోను మా ఇంటికి వస్తుంది. ఈసారి ఛార్జరు కూడా పంపమని చెప్పాను.