ప్రార్థన, దైవసంకల్పం: అక్వినాస్ వివరణా, మొలీనా వివరణా?

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రి వరండాలో, బిడ్డ ఆపరేషన్ ముగిసేదాకా మోకరించి ఉన్న తల్లి మొర దేవుని సంకల్పాన్ని మారుస్తుందా?

13వ శతాబ్దపు క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్ ప్రకారం, మనం అడిగేది దేవుని ఏర్పాటును మార్చడానికి కాదు, ప్రార్థన ద్వారానే లభించాలని ఆయన నిర్ణయించినదాన్ని పొందడానికే; విత్తనం లేకుండా పంట రానట్టే, ఆ మొర కూడా ఏర్పాటులో భాగమైన కారణమే. 1588లో తన గ్రంథాన్ని ప్రచురించిన స్పెయిన్ వేదాంతి లూయిస్ దె మొలీనా ప్రకారం, ఏ పరిస్థితిలో ఎవరు స్వేచ్ఛగా ఏమి చేస్తారో దేవుడు ముందే ఎరిగి, ఆ ఎరుకతోనే లోకాన్ని ఏర్పరచాడు; ఆ తల్లి స్వేచ్ఛగా చేసే మొర కూడా ఆ ఎరుకలో భాగమే.

మూల్యం: అక్వినాస్ వద్ద దైవాధిపత్యం చెక్కుచెదరదు, మన స్వేచ్ఛను వివరించడం కష్టమవుతుంది. మొలీనా వద్ద స్వేచ్ఛ నిలుస్తుంది. అయితే ఎన్నడూ జరగని ఎంపికల గురించిన సత్యానికి ఆధారమేమిటన్న ప్రశ్న మిగులుతుంది. నా దృష్టిలో ఇది చాలా బరువైన అభ్యంతరం.

ప్రమాదం: మొదటిదాన్ని తప్పుగా విన్నవారు, జరిగేది ఎలాగూ జరుగుతుందని ప్రార్థనే మానేస్తారు. రెండోదాన్ని విన్నవారిని, దేవుడు ఈ లోకాన్నే ఎందుకు ఎంచుకున్నాడన్న ప్రశ్న వేధిస్తుంది.

బైబిల్‌లో యూదా రాజు హిజ్కియా కన్నీటితో ప్రార్థించగా ఆయుష్షు 15 ఏళ్లు పెరిగిన వృత్తాంతం రెండు వివరణల్లోనూ ఇముడుతుంది.

వరండాలోని తల్లికి నేను అక్వినాస్‌నే వినిపిస్తాను, ఎందుకంటే ఆమె కన్నీటికి ఆ ఏర్పాటులోనే చోటుంది. తన తప్పులకు దేవుణ్ణే బాధ్యుణ్ణి చేస్తున్న యువకుడికి మాత్రం మొలీనా ఎక్కువ ఉపకరిస్తాడు.